తెల్లబడ్డ తమలపాకు గురించి

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావురా? చెల్లెమ్మా పిల్లలూ కులాసాయే కదా? నీ తమలపాకు తీగ ఫోటో చూశాను. నీళ్లు చాల్లేదేమో అని టెన్షన్ పడుతున్నావు గానీ, నాకు చూడగానే ఎండదెబ్బే అనిపించింది. నీడన పెరిగిన కుండీని ఒక్కసారిగా మిద్దె మీద పెట్టేశావు కదా! ఆకుతోటల వాళ్లు అవిశ చెట్లు పెంచి ఆ నీడన తీగ పాకించేది ఊరికే కాదు.

మిట్టమధ్యాహ్నం ఆకు మీద పడే వెలుగులో కిరణజన్య సంయోగక్రియకు పనికొచ్చేది కొంతే. పత్రహరితం మాత్రం ఆగకుండా పీలుస్తూనే ఉంటుంది. ఖర్చుకాని ఆ శక్తి పక్కనే ఉన్న ఆక్సిజన్‌కు చేరితే సింగ్లెట్ ఆక్సిజన్ అనే మహా చురుకైన రూపం పుడుతుంది. అది దగ్గర్లో ఉన్న కొవ్వుల్నీ ప్రోటీన్లనీ పాడుచేస్తుంది. కణంలో పత్రహరితం ఉండే హరితరేణువు రోజూ చేసే పనిలోనే ఆ ప్రమాదం ఉందన్నమాట.

కణం ముందు తప్పించుకోవాలనే చూస్తుంది. వెలుగు మరీ ఎక్కువైతే హరితరేణువులు కణంలో పక్కగోడల వైపు జరిగి, ఒకదాని చాటున ఒకటి సర్దుకుంటాయి. ఈలోగా వయోలాజాంతిన్ అనే పసుపు పదార్థం నిమిషాల్లో జియాజాంతిన్‌గా మారి, మిగులు శక్తిని వేడిగా వదిలించడానికి సాయపడుతుంది. మబ్బు పట్టాక కూడా ఈ ఏర్పాటు వెంటనే ఆగదు, కాసేపు శక్తి వృథాగా పోతూనే ఉంటుంది. అమెరికాలో ఇల్లినాయి శాస్త్రవేత్తలు పొగాకులో దీన్ని త్వరగా ఆగేలా మారిస్తే, పొలంలో మొక్కలు సుమారు 15 శాతం ఎక్కువ పెరిగాయి. 2016 నాటి మాట.

ఇంత చేసినా డీ1 అనే ప్రోటీన్ దెబ్బతింటూనే ఉంటుంది. నీటిని విడగొట్టే ఫోటోసిస్టమ్-2 అనే ప్రోటీన్ల గుంపుకి నడిబొడ్డున ఉండేది అదే. మొక్క ఇక్కడ చేసే పని చూస్తే నాకు ముచ్చటేస్తుంది. బోరు మోటారు కాలితే మోటారంతా పారేయకుండా వైండింగ్ చేయించినట్టు, పాడైన డీ1ని మాత్రమే ఎంజైములతో ముక్కలు చేయించి తీసేస్తుంది. కొత్తదాన్ని హరితరేణువు తన సొంత డీఎన్‌ఏ సాయంతోనే తయారుచేసి అక్కడే అమరుస్తుంది. ఎండ ఉన్నంతసేపూ ఇదే పని. నీ తీగలో జరిగింది, రిపేరు కన్నా నష్టం ముందుకెళ్లిపోవడమే.

మరి మొత్తం హరితరేణువే పాడైతే? ఒక కణంలో అవి పదుల సంఖ్యలో ఉంటాయి, అన్నీ ఒకేసారి చెడవు. 2015లో అమెరికాలోని సాల్క్ ఇన్‌స్టిట్యూట్‌లో జెస్సీ వుడ్సన్, జోఆన్ కోరీ బృందం అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో ఒక లోపమున్న రకాన్ని పరిశీలించింది. చీకటి తర్వాత వెలుగు తగిలితే దాని హరితరేణువుల్లో సింగ్లెట్ ఆక్సిజన్ పేరుకుంటుంది, మొక్క చచ్చిపోతుంది. రాత్రి లేకుండా వెలుగులోనే పెంచితే బతుకుతుంది. ఆ మొక్కలో పీయూబీ4 అనే ప్రోటీన్‌ను కూడా చెడగొడితే, పగలూ రాత్రీ మారుతున్నా బతికేసిందిరా! పాడైన హరితరేణువులకు యుబిక్విటిన్ అనే గుర్తు తగిలించే పనిలో ఉన్నది ఆ పీయూబీ4. గుర్తు పడ్డది కరిగిపోతుంది, దాని పక్కనే ఇంకొకటి నిక్షేపంగా పనిచేస్తూ ఉంటుంది. నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఇదే. ఒకే కణంలో దేన్ని ఉంచాలో దేన్ని తీసేయాలో విడివిడిగా తేల్చుకోవడం ఎంత సున్నితమైన పనో ఆలోచించు.

జపాన్‌లో తొహోకు విశ్వవిద్యాలయం వాళ్లు 2017లో మరో దారి చూపించారు. అతినీలలోహిత కిరణాలకు పాడైన హరితరేణువును కణం మొత్తంగా తనలోని రిక్తిక అనే సంచిలోకి తోసి అరిగించేసుకుంటుందట. అందులోని నత్రజని మళ్లీ మొక్కకు పనికొస్తుంది.

సరే, నీ తీగ సంగతి. తెల్లబడ్డ ఆకులు మళ్లీ పచ్చబడవు, వాటి మీద ఆశ పెట్టుకోకు. కుండీని మళ్లీ నీడకు చేర్చు. మిద్దె మీదే ఉంచాలనుకుంటే పైన గ్రీన్ నెట్ కట్టి, ముందు పొద్దుటి ఎండకే అలవాటు చెయ్యి. కొత్తగా వచ్చే ఆకులు ఆ వెలుగుకు తగ్గట్టు తయారవుతాయి. చిగురు వేశాక ఫోటో పంపరా.

నీ
మూర్తి