అరిగిన రబ్బరు ముక్క, అడగాల్సిన హక్కు

సంపాదకుడు గారికి నమస్కారం.

పాత కార్లను ఎలా కాపాడుకోవాలో మీ ఆదివారం పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. ఆయిలు, బ్రేకులు, బ్యాటరీ, టైర్లు అన్నీ చెప్పారు, బాగుంది. ఇంజిన్‌ను బండికి పట్టి ఉంచి, దాని వణుకు మనదాకా రాకుండా ఆపే రబ్బరు దిమ్మలు, అంటే ఇంజిన్ మౌంటింగుల మాట మాత్రం ఎక్కడా లేదు. బండి వణుకుతోందని షెడ్డుకు వెళ్తే ప్లగ్గులు మార్చి, ఇంజెక్టర్లు కడిగి, చివరికి క్లచ్ ప్లేటు కూడా వేయించి పంపి, అసలు మౌంటింగులు ఎలా ఉన్నాయో ఎవరూ వంగి చూడకపోవడం నేను కళ్లారా చూశాను. అందుకే ఈ ఉత్తరం.

మాది విజయవాడ, ఇప్పుడు టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాం. నా దగ్గర 1995 మోడల్ మాజ్దా మియాటా ఉంది. రెండే సీట్లు, పైకప్పు వెనక్కి మడిచేయొచ్చు, స్విచ్ నొక్కితే హెడ్‌లైట్లు పైకి లేస్తాయి. 1989లో చికాగో ఆటో షోలో మొదటిసారి చూపించిన ఈ కారు 2016 నాటికి పది లక్షలు తయారైంది కాబట్టి, ఇంత పాతబడినా సామాను ఇక్కడ ఇంకా దొరుకుతోంది.

పోయిన చలికాలం నుంచి సిగ్నల్ దగ్గర ఆగితే అద్దం ఎంత వణికేదంటే వెనక బండి నంబరు చదవడానికి కుదిరేది కాదు. యాక్సిలరేటర్ తొక్కి వదిలిన ప్రతిసారీ గేర్ రాడ్ ముందుకీ వెనక్కీ ఊగి, కింద నుంచి దబ్‌మని చప్పుడు. ఈ కారు గేర్‌బాక్స్‌కు విడిగా మౌంటింగ్ ఉండదు, దాన్ని పొడవాటి అల్యూమినియం ఫ్రేముతో వెనక చక్రాలను తిప్పే డిఫరెన్షియల్‌కు బిగించేశారు, గేర్ రాడ్ నేరుగా ఆ గేర్‌బాక్స్ మీదే ఉంటుంది. అందుకే ముందు ఇంజిన్‌కు అటొకటి ఇటొకటి ఉన్న రబ్బర్లు చితికితే ఆ సంగతి మొదట మన చేతికే తెలుస్తుంది.

ఇక్కడి ఒక షాపు 700 డాలర్లు అడిగింది. అసలైన కంపెనీ మౌంటింగులు రెండూ కలిపి నాకు 200 లోపే వచ్చాయి. విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు లారీలు బాగుచేసిన మా బాబాయ్‌కి వీడియో కాల్ చేసి చూపిస్తే, "రబ్బరు సంగతి తర్వాత, ముందు పైనుంచి నూనె ఎక్కడ కారుతోందో చూడరా" అన్నాడు. చూస్తే నిజమే, ఇంజిన్ పై మూత కింద నూనె కారకుండా ఉండే సీలు, అదే వాల్వ్ కవర్ గాస్కెట్, దాని నుంచి కారిన ఆయిలు సరిగ్గా ఒక మౌంటింగ్ మీదే పడుతోంది. నూనె తాగిన రబ్బరు ఉబ్బి మెత్తబడి ఇనుప పలక నుంచి ఊడిపోతుంది. గాస్కెట్ మార్చకుండా కొత్త మౌంటింగ్ వేస్తే అదీ అదే దారి పడుతుంది.

ఒక శనివారం మొదలుపెట్టాను. బ్యాటరీ నెగటివ్ తీసి, వెనక చక్రాలకు అడ్డం పెట్టి, ముందు భాగం లేపి స్టాండ్ల మీద నిలబెట్టాను. ఇది చదివి ఎవరైనా ప్రయత్నించేలా ఉంటే నా ఒకే ఒక్క విన్నపం: ఉత్త జాకీ మీద నిలబడిన బండి కిందికి ఒక్క క్షణం కూడా దూరొద్దు, ఇటుకలు అసలే పెట్టొద్దు. ఇంజిన్ అడుగున ఉండే ఆయిల్ పాన్ సొట్ట పడకుండా వెడల్పాటి చెక్క పెట్టి, రెండో జాకీతో ఇంజిన్ బరువును నెమ్మదిగా అందుకోవాలి. మౌంటింగుల నట్లు విప్పాక ఇంజిన్‌ను కొంచెం కొంచెంగా లేపుతుంటే మా అమ్మాయి టార్చి పట్టుకుని రేడియేటర్ గొట్టాలు లాగుతున్నాయా, ఫ్యాను తగులుతోందా అని చెబుతూ ఉంది. రెండు వైపులా ఒకేసారి ఊడదీయకుండా ఒకటి తీసి, కొత్తది పెట్టి, వేళ్లతో నట్లు పట్టించి, అప్పుడు రెండోది. ఇంజిన్ బరువు పూర్తిగా రబ్బర్ల మీద కూర్చున్నాకే మాన్యువల్‌లో ఇచ్చిన కొలత ప్రకారం, ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్క్ రెంచ్‌తో బిగించాను. ముందే బిగిస్తే రబ్బరు మెలి తిరిగినట్టే ఉండిపోతుంది. తీసిన పాత మౌంటింగ్ కొత్తదాని పక్కన పెడితే ఎంత కుంగిపోయిందో కొలవకుండానే కనిపించింది.

రేసులకు వెళ్లేవాళ్లు రబ్బరు కన్నా గట్టిగా ఉండే పాలీయురేథేన్‌ మౌంటింగులు వేస్తారు, ఇంజిన్ తక్కువ కదులుతుంది, కానీ వణుకంతా సీట్లోకి వస్తుంది. రోజూ నడిపే కారుకు నా మట్టుకు రబ్బరే మేలు. సాయంత్రం నడిపితే గేర్ రాడ్ కదలలేదు, అద్దంలో నంబర్లు కనిపించాయి, ఆ సంతోషం మాటల్లో చెప్పలేను.

ఇది నాకు కుదిరింది నేను గొప్ప మెకానిక్‌నై కాదు. సర్వీస్ మాన్యువల్ కొనుక్కోవడానికి దొరికింది, పార్ట్ నంబరు చెబితే సామాను ఇచ్చారు. బయట బాగు చేయించుకున్నంత మాత్రాన వారంటీ లేదనడానికి వీల్లేదని ఇక్కడ 1975 నుంచే చట్టం ఉంది. మసాచుసెట్స్‌లో 2012లో కార్లు బాగుచేసుకునే హక్కు కోసం జనం ఓటేసి మరీ గెలిపించారు.

మన దగ్గర? విడిభాగాలు, రిపేరు పరికరాలు బయటి మెకానిక్‌లకు అందనివ్వడం లేదని వ్యాపారాల్లో పోటీ సరిగ్గా ఉందో లేదో చూసే కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్లకు పైగా జరిమానా వేసింది, కంపెనీలు కోర్టులకు వెళ్లాయి. 2022 డిసెంబరులో కేంద్రం రైట్ టు రిపేర్ (బాగుచేసుకునే హక్కు) పోర్టల్ పెట్టింది, వాహనాలు కూడా అందులో ఉన్నాయి. ఈ రెండు సంగతులూ మా బాబాయ్‌కి నేను చెప్పేదాకా తెలియవు. ఆయన జీవితమంతా ఆ పనే చేసినవాడు!

కాబట్టి మీ కార్ల పేజీలో ఒక వారం ఈ విషయం వేయండి. ఏ కంపెనీ మాన్యువల్ ఇస్తోంది, ఏది ఇవ్వడం లేదు, సామాను కౌంటర్లో అమ్ముతారా, బయట చేయిస్తే వారంటీ మీద ఏమంటారు అని ఒక్కొక్కరినీ అడిగి జవాబులు అచ్చేయండి. అడగడానికి ముందు ఆటోనగర్‌కు వెళ్లి అక్కడి మేస్త్రీలతో మాట్లాడండి, ఏ ప్రశ్నలు వేయాలో వాళ్లే చెబుతారు.

ఇట్లు,
ఒక పాఠకుడు, ఫ్రిస్కో, టెక్సస్