మాటలకు ముందు సీను నేర్పండి

సంపాదకులకు నమస్కారం.

స్క్రీన్‌ప్లే నేర్చుకునేవాళ్ల కోసం మీ ఆదివారం అనుబంధంలో వేసిన వ్యాసం చదివాను. మూడు అంకాలు, ఇంటర్వెల్ మలుపు, హీరో లక్ష్యం అన్నీ పొందిగ్గానే చెప్పారు. సీను సంగతి మాత్రం ఒక్క పేరాలో తేల్చేశారు. నేను సినిమాలకీ, తర్వాత టీవీ సీరియళ్లకీ ఎడిటింగ్ చేసినవాణ్ణి. రష్, అంటే షూటింగ్‌లో తీసి ఇంకా కోయని ఫుటేజ్, చూస్తే చాలు, రాసినవాడి చదువు ఎక్కడ ఆగిపోయిందో తెలిసిపోతుంది. ఎక్కువమందికి ఆగేది సీను దగ్గరే.

"అన్న గుర్తొచ్చి లోలోపల కుమిలిపోతాడు" అని రాస్తారు. కెమెరా దేన్ని తీయాలి? నటుడు కిటికీలోంచి శూన్యంలోకి చూస్తాడు, వెనక వయొలిన్ మోగుతుంది. అదే, అన్న నంబరు నొక్కుతూ ఆఖరి అంకె దగ్గర ఆగి ఫోన్ పక్కన పెట్టేశాడని రాస్తే నటుడికి పని దొరికింది, నాకూ కట్ దొరికింది.

సీన్లో ఒకరికి ఏదో కావాలి, దానికి ఏదో అడ్డుండాలి. అప్పు అడగడానికి వచ్చినవాడు ఆ మాట ఎత్తలేక అవతలివాళ్ల పిల్లల చదువుల గురించి ఆరా తీస్తుంటే సీను దానంతటదే నడుస్తుంది. రాగానే "డబ్బు కావాలి" అనేస్తే ఇక మిగిలేదేముంది? తలుపు తట్టడం, బాగున్నారా అనడం, కూర్చోమనడం... నేను ముందు కోసేది ఇవే. కాగితం మీదే కోసి ఉంటే అంత షూటింగ్ ఖర్చూ మిగిలేది.

పేజీకి సుమారు నిమిషం, రెండు గంటల సినిమాకి 120 పేజీలు అనే లెక్క స్క్రిప్టు పద్ధతిగా రాసినప్పుడే పనికొస్తుంది. "యుద్ధం మొదలైంది" అని ఒక్క లైనులో రాసి ఊరుకుంటే చెల్లదు.

టీవీని కూడా మీ వ్యాసం అదే మూసలో పోసేసింది. సినిమా కథ ముగింపు వైపు పరిగెడుతుంది. డైలీ సీరియల్ ముగింపుని వాయిదా వేస్తూ బతుకుతుంది. బ్రేకుకి ముందొక ప్రశ్న వేయాలి, ఎపిసోడ్ చివర ఇంకా పెద్దది వేయాలి. పైగా చాలామంది ఇంటి పని చేసుకుంటూ దాన్ని చెవులతోనే చూస్తారు. అందుకే అక్కడ మాటల మోత. దాన్ని వెక్కిరించేవాళ్లు ఒక వారం రాసి చూడాలి!

వచ్చే వారం ఒకే సీనుని రెండుసార్లు అచ్చు వేయండి, మొదట రాసినట్టు, తర్వాత కోసినట్టు. లోపలా బయటా, పగలా రాత్రా అనే సీన్ హెడింగ్ కూడా ఉంచండి. చాలామంది కొత్తవాళ్లు స్క్రిప్టు పేజీ ఎలా ఉంటుందో చూడకుండానే సినిమా రాయడానికి కూర్చుంటున్నారు.

— ఒక ఎడిటర్