సాయంత్రం ఆరు గంటల గది: మన సంఘం 2024-25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

పోయిన ఏడాది నివేదికలో చలివేంద్రం, జెండా వందనం, రక్తదానం అన్నీ వరసగా రాసి రెండు పేజీల్లో ముగించాం. ఈసారి అట్టా కుదరదు. 2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి దాకా మనం చేసిన పని దాదాపు అంతా ఒకే చోట, ఒకే వేళలో జరిగింది. రామాలయం వెనక మన సంఘం గదిలో, సాయంత్రం ఆరు నుంచి తొమ్మిదిన్నర దాకా, మందు మానాలని చూసేవాళ్ళతో. మన కావలి ఎండల్లో చలివేంద్రం ఎప్పటిలాగే నడిచింది, జెండా ఎగరేశాం, వాటి గురించి కొత్తగా చెప్పాల్సింది లేదు కాబట్టి నేరుగా గది విషయానికే వస్తాను.

ఆ వేళే ఎందుకంటే, మందు మానాలని చూసేవాళ్ళకు పగలు అంత కష్టం కాదు. తాపీ పనో, ఆటోనో, రొయ్యల గుంట మీద కాపలానో, ఏదో ఒకటి ఉంటుంది. కూలి డబ్బులు చేతికొచ్చి, ఒళ్ళు కడుక్కుని, ఇంట్లో ఇంకా అన్నం ఉడక్కముందు ఒక గంటన్నర ఉంటుంది చూడండి, అక్కడే కాళ్ళు వాటంతట అవే షాపు వైపు పోతాయి. "మందంటే కాదక్కా, నాకు ఆ టయాం అంటేనే భయం" అని ఒక మేస్త్రి తమ్ముడు ఏడుస్తా చెప్పిన మాటతో ఈ గది మొదలైంది. ఆయన మానినన్ని రోజులూ ఆ గంటన్నర యాడ కూర్చోవాలో తెలియక రైల్వే స్టేషన్ ప్లాట్‌ఫారం మీద కూర్చుని వచ్చేవాడంట.

గదిలో ఉన్నవి రెండు చాపలు, ఒక క్యారమ్ బోర్డు, పేపరు, ఫ్లాస్కులో టీ, ఉంటే మరమరాలు. పెట్టుకున్న నియమాలు కూడా మూడే. ఎవరూ ఎవరికీ నీతులు చెప్పకూడదు. ఆ రోజు తాగినవాళ్ళు వచ్చినా పంపించేయం, బయట అరుగు మీద కూర్చోవాలి, టీ ఇస్తాం. ఇక్కడ విన్న పేరు, విన్న సంగతి గడప దాటకూడదు. ఈ మూడోది మనం కనిపెట్టింది కాదు. 1935లో అమెరికాలో ఆక్రన్ అనే ఊళ్ళో తాగుడుతో చితికిపోయిన ఇద్దరు మనుషులు, ఒకరు షేర్ల వ్యాపారి, ఒకరు డాక్టరు, ఒకరి బాధ ఒకరు వినడంతో ఆల్కహాలిక్స్ అనానిమస్ మొదలైంది. పేరు అడగకపోవడం వాళ్ళ పద్ధతి. తాగినోడి బాధ తాగి మానినోడు వింటే పని జరుగుతుందని వాళ్ళు నమ్మారు, మన గదిలోనూ అదే చూశాం. నేను గంట మాట్లాడినా కదలని మనిషి, ఎనిమిది నెలల నుంచి ముట్టని ఆటో అన్న పక్కన కూర్చుని "నీకు నిద్ర ఎన్ని రోజులకు పట్టిందన్నా" అని తనే అడిగాడు. అందుకే ఈ నివేదికలో కూడా ఎవరి పేరూ ఉండదు, ఎవరని అడగొద్దు.

కొందరు పెద్దవాళ్ళు మమ్మల్ని ఒక మాట అడిగారు. సారానే తరిమేసిన జిల్లా మనది, తాగుబోతులకు టీ పోసి కూర్చోబెట్టడం ఏంది, షాపు ముందు ధర్నా చేయాలి గానీ అని. ఆ మాటకు నాకు గౌరవం ఉంది. 1990ల మొదట్లో అక్షర దీపం రాత్రిబడుల్లో అక్షరాలు నేర్చుకున్న దూబగుంట ఆడవాళ్ళు, రోశమ్మ లాంటివాళ్ళు ముందు నిలబడితే, సారా వేలంపాటలు ఆగిపోయాయి. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో, ఆ అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా ఆపేశారు. 1995 జనవరిలో పూర్తి మద్య నిషేధం వచ్చింది, 1997లో ఎత్తేశారు. మా అమ్మ కూడా ఆ రోజుల్లో కొంగు బిగించిన మనిషే. కానీ ఆమే ఇంకో సంగతి కూడా చెప్తుంది. సారా ఆగిన వారంలో మా వీధిలో ఒకాయన వణికిపోతూ ఏవేవో కేకలు పెడుతుంటే, తాగడానికి లేక నాటకాలాడుతున్నాడని అందరూ తిట్టారంట. అది జబ్బు అని చెప్పే మనిషి ఆ రోజు ఊళ్ళో లేడు. షాపు మూయించడం ఒక పని, మనిషిని నిలబెట్టడం ఇంకో పని. మొదటిది మన అమ్మలు చేశారు. రెండోది ఎవరూ చేయలేదు కాబట్టి మనం మొదలుపెట్టాం, అంతే.

ఇప్పుడు మాల సంగతి. దీన్ని వివరంగా రాస్తున్నాను, దయచేసి గురుస్వాములు కూడా చదవండి. కార్తీక మాసంలో అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు మందు ముట్టని వాళ్ళు మన దగ్గర చాలామంది ఉన్నారు. అది చిన్న విషయం కాదు, 41 రోజులు ఉండగలిగినవాడికి ఆపగలిగే శక్తి ఉందని అర్థం. కానీ రోజూ పొద్దున లేవగానే క్వార్టరు పడితే గానీ చెయ్యి నిలవని మనిషి, ఒక్కసారిగా మాల వేసుకుని ఆపేస్తే ప్రమాదం. 2024 నవంబరులో మన కాలనీ తాపీ పనాయన ఒకరు మాల వేసుకున్న మూడో రోజు రాత్రి గోడ మీద పురుగులు పాకుతున్నాయని చేతులతో దులుపుతూ, ఇంట్లోవాళ్ళను గుర్తుపట్టకుండా అరవడం మొదలుపెట్టాడు. స్వామి పూనాడని కొందరు హారతి ఇచ్చారు, మైల పడిందని కొందరన్నారు. గదికి వచ్చే ఆటో అన్న చూసి, "ఇది మందు ఆగినందుకు వచ్చింది, నాకూ వచ్చింది" అని ఆటోలో వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తాడు. బతికాడు, అది ఆ అన్న పుణ్యం.

డాక్టరు మాకు చెప్పింది ఇది. ఏళ్ళ తరబడి రోజూ తాగిన ఒంటికి మందు ఆగితే ఆరేడు గంటల్లోనే వణుకు, చెమటలు, గుండెదడ మొదలవుతాయి. కొందరికి మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ వస్తాయి. రెండో రోజుకూ నాలుగో రోజుకూ మధ్య లేనివి కనపడటం, మతి తప్పడం రావచ్చు, వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. దీనికి మాత్రలున్నాయి, రోజురోజుకూ తగ్గిస్తూ కొన్ని రోజులు డాక్టరు చూపులో వాడితే ఈ దశ దాటిపోతుంది. ఇంకొకటి, బాగా తాగేవాళ్ళ ఒంట్లో బి1 విటమిన్ అడుగంటి ఉంటుంది, ఆ సూది వేయకుండా ఉత్త గ్లూకోజ్ బాటిల్ ఎక్కిస్తే మెదడుకు దెబ్బ తగలొచ్చు. కాబట్టి వీధి చివర ఎవరి దగ్గరో "ఒక బాటిల్ పెట్టించేస్తే సరిపోతుంది" అనే మాట వినొద్దు. మాల వేసుకునే ముందు డాక్టరు దగ్గరికి వెళ్ళి రావడం దీక్షకు తక్కువేమీ కాదు. మాల తీసిన రోజు రాత్రి మన గది పన్నెండు దాకా తెరిచి ఉంచాం, శబరిమల నుంచి దిగిన ముగ్గురు నేరుగా ఇక్కడికే వచ్చారు. ఈ ఏడాదిలో నాకు అన్నిటికన్నా సంతోషం కలిగించిన రాత్రి అది.

పొడి గురించి అక్కచెల్లెళ్ళకు. భర్తకు తెలియకుండా కూరలో మందు మాన్పించే పొడి కలపడం ఆపేయండి. ఆ పొట్లాల్లో ఏముంటుందో చాలాసార్లు ఎవరికీ తెలియదు, కొన్నిట్లో డైసల్ఫిరామ్ అనే మాత్ర పొడి ఉంటుంది. అది ఒంట్లో ఉండగా తాగితే మందు పూర్తిగా అరగక మధ్యలో ఆగి విషమవుతుంది. ముఖం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోయి, గుండె జబ్బు ఉన్నవాళ్ళకు ప్రాణం మీదికి రావచ్చు. అదే మాత్రను డాక్టరు రాసిస్తే, మనిషికి చెప్పి, ఒప్పించి, రక్తపరీక్షలు చేయించి ఇస్తారు. మన సభ్యురాలు ఒకరు అట్టా కలిపి, ఆయన పడిపోతే నేనే చంపుకున్నాననుకుని రాత్రంతా వణికిపోయింది. ఆమె చేసింది తప్పని నేను అనలేను, పన్నెండేళ్ళు ఒంటరిగా మోసిన మనిషి ఆమె. తర్వాతే ఆదివారం మధ్యాహ్నాలు ఆడవాళ్ళకు గది విడిగా ఇవ్వాలని తీర్మానించాం. అక్కడ మొగుళ్ళను ఎట్టా మార్చాలన్న మాట తక్కువ, ముందు మనం ఎట్టా నిద్రపోవాలి, పిల్లల ఫీజు ఎట్టా కట్టాలి, కొట్టిన రోజు ఎవరింటికి పోవాలి అన్న మాటలే ఎక్కువ.

బియ్యం సంగతి కూడా ఇక్కడే పుట్టింది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం, నిషేధం మంచిదే, కానీ బోట్ల మీద కలాసీలుగా పోయేవాళ్ళకూ, వలలు బాగుచేసేవాళ్ళకూ, తట్ట నెత్తిన పెట్టుకుని చేపలమ్మే ఆడవాళ్ళకూ చేతిలో పని ఉండదు. పని లేని మగవాడు, అప్పు, ఎండ, ఈ మూడూ కలిస్తే మందు ఎక్కువవుతుంది, మందు ఎక్కువైన ఇంట్లో ముందు తగ్గేది పిల్లల అన్నమే. సారా ఉద్యమం తర్వాత ఇదే జిల్లాలో ఆడవాళ్ళు రోజుకొక రూపాయి దాచి పొదుపు లక్ష్మి సంఘాలు కట్టారు కదా, ఆ దారిలోనే మనం రోజుకొక గుప్పెడు అన్నాం. వండేముందు ఒక గుప్పెడు బియ్యం డబ్బాలో వేయడం, ఆదివారం మూటకట్టి గదికి తేవడం. ఇచ్చేటప్పుడు ఎవరు తాగుతారు, ఎవరు తాగరు అని అడగలేదు. కొందరు సభ్యులు దీనికి ఒప్పుకోలేదు, తాగేవాడి ఇంటికి బియ్యమిస్తే మిగిలిన డబ్బులతో ఇంకా తాగుతాడన్నారు. రెండు మీటింగులు ఇదే వాదన. నా మనసులో మాట చెప్తాను, ఆకలితో ఉన్న ఇంటికి మందు మానమని చెప్పే హక్కు మనకు లేదు. బియ్యం ఇవ్వడం కొనసాగుతుంది.

అక్టోబరు మనకు గడ్డు నెల. 16వ తేదీ నుంచి కొత్త మద్యం విధానం వచ్చింది, ప్రైవేటు షాపులు తెరిచారు, క్వార్టరు 99 రూపాయలకే దొరకడం మొదలైంది. నేను రాజకీయం మాట్లాడటం లేదు, గదిలో చూసింది రాస్తున్నాను. పైగా వానలు, పనులు లేవు. నెలల తరబడి నిలబడ్డ నలుగురు ఆ పదిహేను రోజుల్లో మళ్ళీ తాగారు. ఇద్దరు తిరిగి వచ్చారు. మళ్ళీ తాగిన మనిషిని "ఇంతేలే వీడు" అనొద్దు, ఈ జబ్బులో పడటం, లేవడం మామూలే, లేచినప్పుడు గది తెరిచి ఉండాలి, అంతే.

తాగుడు కాని బాధలు కూడా ఈ గదికే వచ్చాయి. బెట్టింగ్ యాప్‌లలో, లోన్ యాప్‌లలో ఇరుక్కున్న కుర్రోడు ఒకడు, ఇంట్లో చెప్పుకోలేక చచ్చిపోతానని స్నేహితుడికి మెసేజ్ పెట్టాడు. ఆ స్నేహితుడు తెలివిగలవాడు, వాదించలేదు, బండెక్కించుకుని ఇక్కడికి తెచ్చాడు. ఆ రాత్రి వాడిని ఒంటరిగా వదల్లేదు, ఇంట్లో ఉన్న పురుగుమందు డబ్బాలు తీసేయించాం, 14416కి ఫోన్ చేశాం. అది టెలి మానస్, మనసు బాధలకు ప్రభుత్వం పెట్టిన ఫోన్ లైను, 2022 అక్టోబరు 10న మొదలైంది, రాత్రీ పగలూ పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. వాళ్ళు వాడితో చాలాసేపు మాట్లాడాక, తండ్రికి ఎట్టా చెప్పాలో కూడా చెప్పారు. ఇప్పుడు వాడు కాలేజీకి పోతున్నాడు. ఇంకొక భయం తీసేస్తాను, ఆత్మహత్యాయత్నం చేసినవాళ్ళ మీద కేసు అవుతుందని ఆసుపత్రికి తీసుకుపోకుండా దాచేవాళ్ళు ఇంకా ఉన్నారు. 2017 మానసిక ఆరోగ్య చట్టం, 2018 మే నుంచి అమల్లో ఉంది, అట్టాంటి మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాడిగానే చూడాలంటుంది. ముందు ప్రాణం చూడండి. తాగుడు, గంజాయి మాన్పించే సాయానికి 14446 ఉంది. రెండు నంబర్లూ గది తలుపు మీద పెయింటుతో రాయించాం.

పెరట్లో వేపచెట్టుకు తాడుతో కట్టేసి ఉంచిన ఒక అబ్బాయి గురించి వాళ్ళ అక్క వచ్చి చెప్పింది. ఇంట్లోవాళ్ళు చెడ్డవాళ్ళు కారు, గాలి సోకిందనుకున్నారు, ఏఎస్ పేట దర్గాకు కూడా తీసుకుపోయి వచ్చారు. మొక్కు మొక్కుగానే ఉంచుకోండి, దర్గాకు పోండి, దానితో పాటు డాక్టరు దగ్గరికి కూడా పోదాం అని చెప్తే ఒప్పుకున్నారు. 2001 ఆగస్టులో తమిళనాడు ఏర్వాడిలో నిప్పంటుకున్నప్పుడు గొలుసులతో కట్టేసి ఉన్న మనుషులు పారిపోలేక కాలిపోయారు. అట్టా కట్టి ఉంచడం ఇప్పుడు చట్టప్రకారం తప్పు. నెల్లూరు పెద్దాసుపత్రికి నెలనెలా మనవాళ్ళలో ఒకరు తోడు పోతున్నారు, మధ్యాహ్నం అన్న క్యాంటీన్‌లో 5 రూపాయల భోజనం చేసి సాయంత్రానికి తిరిగొస్తారు. మాత్రలు పనిచేయడానికి వారాలు పట్టింది. కాస్త బాగవగానే ఆపేయబోయారు, ఆపొద్దని రెండుసార్లు ఇంటికి పోయి చెప్పాల్సి వచ్చింది. వైకల్యం ఉందని ఇచ్చే సదరం సర్టిఫికెట్ కోసం తిరుగుతున్నాం. అది వస్తే 6,000 పింఛనుకు అప్లై చేయొచ్చు, మానసిక వ్యాధి కూడా వికలాంగుల చట్టంలో ఉంది.

చేయలేకపోయినవి కూడా రాయాలి. ఒక అన్నను మనం నిలుపుకోలేకపోయాం. గదికి వచ్చేనాటికే కామెర్లు, పొట్టలో నీరు. చివరి నెలలో తాగలేదు, రోజూ వచ్చి క్యారమ్స్ చూస్తూ కూర్చునేవాడు. ఆ చాప మీద ఆయన కూర్చునే మూల ఇంకా ఎవరూ కూర్చోవడం లేదు. ఇంకొకరిని ఇంట్లోవాళ్ళు మాకు చెప్పకుండా ఒక ప్రైవేటు సెంటర్‌లో చేర్పించారు, అక్కడ కొట్టారని వచ్చాక వీపు చూపించాడు. ఇకమీదట ఎవరినైనా చేర్పించేముందు, ఆ చోటుకు రిజిస్ట్రేషన్ ఉందా, డాక్టరు ఉంటాడా, ఇంట్లోవాళ్ళను చూడనిస్తారా అని మనవాళ్ళు వెళ్ళి చూసి వస్తారు. ఆడవాళ్ళలో తాగే అలవాటున్నవాళ్ళు గదికి రావడం లేదు. వాళ్ళకు ఏం చేయాలో ఇంకా తోచలేదు, సలహా ఉంటే చెప్పండి.

జమాఖర్చుల కాగితం గది నోటీసు బోర్డు మీద పెట్టాం, ప్రతి పైసా చూసుకోవచ్చు. ఫ్యాన్ పాడైంది, ఫ్లాస్కు ఒకటి చాలడం లేదు. అన్నిటికన్నా అవసరం మనుషులు. గురువారం, శనివారం గది తెరిచి కూర్చోవడానికి ఎవరూ లేరు. శనివారం కూలి డబ్బులొచ్చే రోజు, ఆ రోజు తాళం ఉండకూడదు. ఎవరు రాగలరో ఈ ఆదివారం లోపు నాకు చెప్పండి, తాళంచెవి ఇస్తాను.

ఇట్లు,
కార్యదర్శి