పోస్ట్‌లో ఉన్నవాడికి బంతి ఇవ్వండి

ఎడిటర్ గారికి నమస్కారం. బెంగళూరులో కాలేజీ బాస్కెట్‌బాల్ మ్యాచ్‌లకి వెళ్తుంటాను, మన తెలుగు పిల్లలు కూడా బాగానే ఆడుతున్నారు, కానీ ఒకటి చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. పొడుగు కుర్రాడు రింగ్ దగ్గర, అంటే పోస్ట్‌లో, డిఫెండర్‌ని వీపుతో ఆపి చెయ్యి చాపి అడుగుతూనే ఉంటాడు, బంతి నడిపించే గార్డులేమో రింగ్‌కి దూరంగా పైనే డ్రిబుల్ చేసి చేసి చివరికి దూరం నుంచి షాట్ వేసేస్తారు. రింగ్ కింద రంగు వేసిన పెయింట్‌లో వరసగా 3 సెకన్లు దాటకూడదు కదా, పాపం అతను బయటికి రావాల్సిందే.

చిక్కంతా పాస్ ఇచ్చే చోటులోనే ఉంది. నడిమధ్య నుంచి కాకుండా వింగ్‌లోకి, అంటే కోర్టు పక్కవైపుకి, ఫ్రీ త్రో లైన్ కన్నా కాస్త కిందకి దిగితే దారి కనిపిస్తుంది, అప్పుడు పైకి ఫేక్ చేసి కింద నుంచి బౌన్స్ పాస్, అదీ డిఫెండర్ లేని వైపు చేతికి. డిఫెండర్ ముందుకొచ్చి అడ్డం నిలబడ్డాడా, తల మీదుగా లాబ్ వెయ్యాలి, లేదంటే హై పోస్ట్‌కి, అంటే ఫ్రీ త్రో లైన్ దగ్గరున్నవాడికి, ఇచ్చి అక్కణ్ణుంచి లోపలికి. పాస్ ఇచ్చినవాడు అక్కడే నిలబడిపోకుండా కదలాలి, పోస్ట్‌లో ఉన్నవాడి మీదికి ఇద్దరు డిఫెండర్లు (డబుల్ టీమ్) వస్తే బంతి తిరిగి అతనికే కదా రావాలి.

అమెరికా కాలేజీ కుర్రాళ్లకి షాట్ క్లాక్, అంటే షాట్ వెయ్యడానికి ఇచ్చే గడువు, 30 సెకన్లు, అంతర్జాతీయ సమాఖ్య ఫిబా రూల్స్‌లో 24 మాత్రమే, అందుకే ఇంకా ముందే లోపలికి చూడాలి. కోచ్‌లూ, దయచేసి ఈ పాస్‌ని డిఫెండర్‌ని పెట్టి రోజూ ప్రాక్టీస్ చేయించండి.

— ఒక పాఠకుడు, బెంగళూరు