తొమ్మిది గంటలు ఇస్తున్నారు సరే, వోల్టేజీ ఎప్పుడిస్తారు? కరెంటు మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారూ, నమస్కారం.

మాది నెల్లూరు జిల్లా పొదలకూరు పక్క. మూడెకరాల నిమ్మతోట, బోరులో 400 అడుగుల్లో 7.5 హెచ్‌పీ మోటారు. ఈ ఎండాకాలంలో అది కాలడం మూడోసారి. అర్జీలు తీసుకునే సోమవారాలు తిరిగి నాలుగు అర్జీలిచ్చినా, నాలుగింటికీ 'మీ సమస్య పరిష్కరించబడినది' అని మెసేజ్ వచ్చింది. చివరిది వచ్చినప్పుడు నేను వైండింగ్ షాపులోనే కూర్చోనుండా సార్.

పగలు తొమ్మిది గంటలు ఇస్తున్నామంటారు, ఇస్తున్నారు, కాదనను. కానీ 415 వోల్టులు చూపించాల్సిన ముల్లు మా స్టార్టర్ డబ్బాలో 340 దాటదు. ట్రాన్స్‌ఫార్మర్ మీద మోటార్లు మోయలేనన్ని, మాది లైను చివర. వోల్టేజీ అంత తగ్గితే మోటారు గుంజే బలం మూడో వంతు పోద్ది, నీళ్లు సరిగా రావు, అది మాత్రం ఆంపియర్లు ఎక్కువ లాగి లోపల్లోపల ఉడుకుద్ది. కరెంటు పోయొచ్చినప్పుడు చూడాలి, అందరివీ ఆటో స్టార్టర్లే కదా, అన్నీ ఒక్కసారే లేస్తాయి, లేచేటప్పుడు ఒక్కోటి ఐదారింతలు లాగుద్ది, ఇంక వోల్టేజీ దభీమని పడి స్టార్టర్లన్నీ కటకటా కొట్టుకుంటాయి. వోల్టేజీ నిలబడను కెపాసిటర్లు పెట్టుకోండన్నారు, పెట్టినాం.

మొన్న నేను కాయలు మార్కెట్‌కి ఏసుకొని పోయినా, ఎనకాల మూడు ఫేజుల్లో ఒక ఫేజు పోయింది. ఫేజు పోతే మోటారు ఆపే ప్రివెంటర్ ఉండాది, దానికీ ఆ రోజే రోగమొచ్చింది, అది నా ఖర్మ. వైండింగ్ పిల్లోడు మోటారు విప్పి చూపించినాడు, రెండు ఫేజుల చుట్లు కరిగి నల్లగా ముద్దయిపోయినాయి, మూడోది నిన్న చుట్టినట్టుండాది. "అన్నా, ఇది ఫేజు పోయి కాలింది" అన్నాడు. ఆ మాట కాగితం మీద రాసియ్యమంటే నవ్వినాడు. 20 పైపులు విప్పి పైకి లాగను, మళ్లీ దించను, వైండింగు, అంతా కలిపి 14 వేలు. కరెంటు ఉచితమే సార్.

మా జిల్లాలోనే నేలటూరు కరెంటు ప్లాంటులో 800 మెగావాట్ల యూనిట్లు పెట్టుకోనుండాం. మా బోరు కాడికొచ్చేలోపల 75 వోల్టులు ఏ దారిలో రాలిపోతున్నాయో కనుక్కోండి.

ఇంకో ట్రాన్స్‌ఫార్మర్ ఏసి లోడు పంచండి, దండం పెడతా. ఎస్టిమేట్ ఏస్తున్నామంటారు, రెండేళ్లుగా ఏస్తానే ఉండారు. పిందె రాలిపోతా ఉండాది. మీరొద్దులే, మీ మనిషినెవరినన్నా ఒక్కపూట పంపించండి, ఆ ముల్లు చూసిపోతాడు.

రేపు పొద్దున్నే మోటారు దించుతున్నాం. ఆన్ చెయ్యమంటారా, వద్దంటారా?

ఇట్లు,
లైను చివరి రైతు