చవక ఇంజన్ల ఏడాది: మన మోడల్ రైల్వే సంఘం వార్షిక నివేదిక, 2024–25

సభ్యులందరికీ నమస్కారం.

కిందటి సర్వసభ్య సమావేశంలో చేసిన తీర్మానం మీకు గుర్తుండే ఉంటుంది. ఈ ఏడాది సంఘం సొమ్ముతో కొత్త ఇంజను ఒక్కటీ కొనకూడదు. ఇళ్లలో అటకెక్కిన బొమ్మ రైలింజన్లను, పాత సరుకులో దొరికే చవక రకాలను తెచ్చి, కోసి, అతికి, రంగేసి మన వాల్తేరు లేఅవుట్ (నాటి విశాఖ స్టేషన్‌కు చేసిన బుల్లి నమూనా రైలుదారి) మీద నడిచేలా చేసుకోవాలి. ఈ ఆలోచన కోశాధికారి గారిది. ఆయనకు అది ఆశయం కాదు, అవసరం. నాలుగేళ్ల కిందట మోజుపడి తెప్పించిన దిగుమతి ఇంజను కస్టమ్స్ సుంకంతో కలిపి ఎంతకు తేలిందో ఆయన ఇప్పటికీ ఎవరూ అడగకపోయినా చెబుతుంటారు.

లెక్క ముందే చెప్పేస్తాను. తొమ్మిది ఇంజన్లకు పని మొదలుపెట్టాం. నాలుగు పూర్తయ్యాయి. మూడు ఇంకా చెప్పుల అట్టపెట్టెల్లో ముక్కలుగా ఉన్నాయి. ఒకటి అసిటోన్ పాలైంది. పాత రంగు వదిలించబోయి, రంగుతో పాటు ప్లాస్టిక్‌నూ వదిలించుకున్నాం. ఆ పని చేసింది ఈ కార్యదర్శే కాబట్టి ఎవరి మీదా చర్య తీసుకోలేదు. తొమ్మిదోదాని విషయంలో కార్యవర్గం మీ ఆమోదం కోరుతోంది, అది చివర్లో.

కొలతల తగవు

జూన్, జూలై సమావేశాలు రెండూ దీనికే సరిపోయాయి. మన బ్రాడ్‌గేజి పట్టాల మధ్య ఎడం 1676 మిల్లీమీటర్లు. మన లేఅవుట్ హెచ్‌ఓ కొలత, అంటే అసలులో 87వ వంతు. భాగిస్తే 19.26 మి.మీ. రావాలి. బజారులో దొరికే పట్టా, చవక ఇంజన్ల చక్రాలు మాత్రం 16.5 మి.మీ.కే ఉంటాయి. అవి విదేశాల 1435 మి.మీ. గేజిని లెక్కలోకి తీసుకుని చేసినవి మరి. తేడా మూడు మి.మీ. కూడా లేదు, అయినా కంటికి ఆనుతుంది. రైల్వేలో ఫిట్టరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మన మర్రిపాలెం పెద్దాయన మోడల్‌ను ఎదురుగా వంగి చూసి, "పెద్ద బొజ్జకు పిల్లకాళ్లు పెట్టినట్టుంది" అన్నారు. పట్టాలు కూడా చేత్తోనే వేసుకుందామని ఆయన పట్టు. ఒక్క పాయింటు (బండిని ఒక లైను నుంచి ఇంకో లైనుకు మళ్లించే చోటు) వేయడానికే రెండు ఆదివారాలు పట్టేసరికి కాస్త మెత్తబడ్డారు. 16.5తోనే సర్దుకుందామని చేతులెత్తి తేల్చుకున్నాం. మరుసటి వారం వచ్చి చూస్తే, లేఅవుట్ చివర ఎదురుగా నిలబడే చోట ఆయన ఒక కుర్చీ, దాని మీద పూలకుండీ పెట్టించి ఉన్నారు. ఇప్పుడు ఎవరు చూసినా ఇంజన్ను పక్కనుంచే చూడాలి.

బ్రిటిష్ బొమ్మ రైళ్ల కంపెనీ హోర్న్‌బీ వారి చిన్న ఇంజన్లతో ఇంకో చిక్కుంది. అవి ఓఓ కొలత, సుమారు 76వ వంతు, కానీ పరుగెత్తేది అదే 16.5 పట్టా మీద. మన పెట్టెల పక్కన నిలబెడితే లావుగా కనబడతాయి. నాలుగు చక్రాల ట్యాంకు ఇంజన్లు అసలే పొట్టివి కాబట్టి, క్యాబు పైకప్పును, పొగగొట్టాన్ని కాస్త దించితే హార్బరులో వ్యాగన్లు తోసే ఇంజనుగా చెల్లిపోయాయి. పూర్తయిన నాలుగింటిలో రెండు ఇలాంటివే. వాటి గురించి ఇంతకన్నా చెప్పుకోవలసింది లేదు.

ముందు నడక

పెద్దాయన మనకు పెట్టిన నియమం ఇది: నడక కుదరని ఇంజనుకు నగలు పెట్టకూడదు. మొదట్లో కొందరు నొచ్చుకున్నారు. రంగు డబ్బాలు కొనేసుకుని వచ్చినవాళ్లు మరీను. కానీ చవక ఇంజను చవకగా ఉండటానికి కారణం దాని పై బొమ్మ కాదు, అడుగున ఉన్నదని ఏడాది తిరిగేసరికి అందరికీ అర్థమైంది.

ఆయన పద్ధతి చూసినవాళ్లకు తెలుసు, చూడనివారి కోసం రాస్తున్నాను. ముందు మూత విప్పి, పళ్లచక్రాల దగ్గర గడ్డకట్టిన పాత గ్రీజు తీస్తారు. ఇరవై ఏళ్ల నాటి గ్రీజు ముదురు బెల్లంపాకంలా ఉంటుంది. పుల్లతో గీకితే తీగ సాగుతుంది. తర్వాత మోటారు కమ్యుటేటరును, అంటే తిరిగే భాగానికి కరెంటు అందించే రాగి చుట్టును, దూదిపుల్లతో తుడుస్తారు. చక్రాల లోపలి ముఖాల మధ్య దూరం 14.4 మి.మీ. ఉందో లేదో కాలిపర్సుతో కొలుస్తారు. అది తగ్గితే ఇంజను పాయింటు దగ్గర పట్టా ఎక్కి కూర్చుంటుంది. ఒక్క బొట్టు నూనె, అదీ సూది మొనతో. రెండో బొట్టు వేయబోయిన వారి చేయి ఆయన పట్టుకుంటారు.

తర్వాత కరెంటు. నాలుగు చక్రాల ఇంజను పాయింటు మీద ఆగిపోతోందని అందరూ మోటారును తిట్టుకుంటారు. తప్పు మోటారుది కాదు. పట్టాలు ఒకదాన్నొకటి దాటే చోట ఉండే ప్లాస్టిక్ ముక్క మీదికి చక్రం రాగానే దానికి కరెంటు అందదు. రెండోది కూడా మురికి మీద ఉంటే ఇంజను అక్కడే నిలిచిపోతుంది. అందుకు మందు ఎక్కువ చక్రాల నుంచి కరెంటు తీసుకోవడమే. ఫాస్ఫర్ బ్రాంజ్ తీగను వెంట్రుకంత ఒత్తిడితో చక్రం వెనుక ముఖానికి ఆనేలా వంచి, టెండరు (ఇంజను వెనుక బొగ్గు, నీళ్లు మోసే బండి) చక్రాలకూ పెట్టి, సన్నని వైర్లతో ఇంజనుకు కలిపాం. ఒత్తిడి ఎక్కువైతే చక్రం తిరగదు, తక్కువైతే తీగ అలంకారానికే. ఈ ఒక్క తీగ వంచడం నేర్చుకోవడానికి నాకు మూడు నెలలు పట్టింది.

చివరిది బరువు. ప్లాస్టిక్ ఇంజను తేలిక, నాలుగు పెట్టెలు తగిలిస్తే చక్రాలు జారుతాయి. సీసం ముక్కల కోసం ఎక్కడెక్కడో వెతికాం. చివరికి ఫిషింగ్ హార్బర్ దగ్గర వలలు అమ్మే దుకాణంలో వలల అంచుకు కట్టే సీసపు గుండ్లు తూకానికి దొరికాయి. బాయిలరు లోపల అవి పేర్చి జిగురు పోశాం. సీసం ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడగకుండా టీ కప్పు పట్టుకోరాదని గోడ మీద రాసిపెట్టాం, దయచేసి పాటించండి.

పరీక్ష ఒక్కటే. అగ్గిపెట్టె పొడవు దూరం పోవడానికి ఇంజను పది సెకన్లు తీసుకోవాలి, మధ్యలో తడబడకూడదు. చవక ఇంజనుకు పరుగు పుట్టుకతో వస్తుంది, నిదానం మనం నేర్పాలి.

ఏటికొప్పాక ముక్కు

ఈ ఏడాది మన గర్వం, మన పరువుతక్కువ, రెండూ ఒకే ఇంజనులో ఉన్నాయి: మన బ్రాడ్‌గేజి ఆవిరి ఇంజను డబ్ల్యూపీ. 1947లో మొదటి విడత అమెరికాలోని బాల్డ్‌విన్ నుంచి వచ్చింది. మొత్తం 755 తయారయ్యాయి. మెయిలు బండ్లు లాగిన 4-6-2 చక్రాల ఇంజను, అంటే ముందు నాలుగు చిన్నవి, మధ్య నడిపేవి ఆరు, వెనుక రెండు. ఈ అమరికనే పసిఫిక్ అంటారు. దాని గుర్తు తూటాలాంటి ముక్కు. చవకలో దొరికిన అమెరికన్ పసిఫిక్ ఇంజను దీనికి దగ్గర చుట్టమే, కానీ దాని నడిపే చక్రం మన కొలతలో 21.3 మి.మీ. డబ్ల్యూపీ చక్రం అసలు 1705 మి.మీ., అంటే మనకు 19.6 రావాలి. చక్రాలు మార్చడం మన వల్ల కాదు గనుక, ప్లాస్టిక్ షీటుతో పక్క రేకును కాస్త కిందికి దించి చక్రం పైభాగాన్ని దాచాం. తెలిసినవారు కనిపెడతారు. కనిపెట్టినవారు టీ ఖర్చు భరించాలని నియమం పెట్టాక ఎవరూ కనిపెట్టలేదు.

ముక్కు ఎలా చేయాలి? ఎపాక్సీ పోసి చూశాం, వంకర వచ్చింది. అప్పుడొక సభ్యురాలు, లక్కబొమ్మలకు పేరుబడ్డ ఏటికొప్పాక మన జిల్లా పక్కనే ఉండగా ఈ తిప్పలేమిటి అన్నారు. నిజమే. అంకుడు చెక్కను తరిమెన మీద తిప్పి బొమ్మలు చేసే చేతులకు ఇదెంత పని? గీసిన బొమ్మ తీసుకుని వెళ్లాం. కళాకారుడు కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, "బొంగరానికి ములికి ఎక్కడండీ?" అని అడిగారు. మొదటిది నిజంగా బొంగరంలాగే వచ్చింది. రెండోది కాస్త మొద్దు. మూడోది చేతిలోకి తీసుకోగానే పెద్దాయన ఏమీ మాట్లాడలేదు. రూపాయి బిళ్లకు కాస్త అటూ ఇటూగా ఉన్న ఆ చెక్క ముక్కను వేలితో నిమురుతూ కూర్చున్నారు. నల్లలక్క పూత మీద ట్యూబులైటు వెలుగు సన్నని గీతలా మెరుస్తోంది.

పరువు పోయింది మరుసటి ఆదివారం. వెండిరంగు వేసేముందు జిడ్డు పోవాలని ఒకరు పట్టాలు తుడిచే ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో ముక్కును శుభ్రంగా తుడిచారు. లక్క ఆల్కహాలులో కరుగుతుందన్న సంగతి మాకెవరికీ తట్టలేదు. గుడ్డ నల్లబడింది, ముక్కు జిగురుజిగురుగా మారి వేలిముద్రలన్నీ పట్టింది. నాలుగో ముక్కు కోసం మళ్లీ వెళ్లాం. ఈసారి పూత వద్దు, ఉత్త చెక్క చాలు అన్నాం. కళాకారుడికి ఆ మాట నచ్చలేదని ముఖమే చెప్పింది.

అక్షరాల దగ్గర ఇంకో పొరపాటు. టెండరు మీద మొదట తూర్పు కోస్తా రైల్వే అక్షరాలు పడ్డాయి. ఆ జోన్ పనిచేయడం మొదలైంది 2003లో, అప్పటికి ఆవిరి ఇంజన్లు ఎక్కడివి? మన లేఅవుట్ 1960ల వాల్తేరు. 1955 ఆగస్టులో ఏర్పడిన ఆగ్నేయ రైల్వే అక్షరాలే ఉండాలి. చెరిపి రాశాం. వంగి చూస్తే పాత అక్షరాల నీడ ఇంకా కనబడుతుంది.

నౌపడా శాఖ

బ్రాడ్‌గేజిలో ఇంత రాజీపడ్డ మనకు, కొలత చక్కగా కుదిరింది చిన్న గేజిలో. నౌపడా నుంచి పర్లాకిమిడికి 1900లో వేసిన లైట్ రైల్వే గేజి రెండున్నర అడుగులు, అంటే 762 మి.మీ. 87తో భాగిస్తే 8.76. హెచ్‌ఓ కన్నా చిన్న మోడల్ కొలత అయిన ఎన్ గేజి పట్టా 9 మి.మీ. పావు మి.మీ. తేడా! ఇది కాగితం మీద తేలిన రోజున పెద్దాయన పూలకుండీని తానే తీసేశారు, ఈ శాఖ ఉన్న మూల వరకు.

అక్కడి ట్యాంకు ఇంజన్లకు ఆరు నడిపే చక్రాలు, వెనుక బొగ్గుపెట్టె కింద నాలుగు చిన్నవి. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న మన అతి చిన్న సభ్యురాలు పాడైన ఎన్ గేజి ఆరు చక్రాల ఇంజను అడుగుభాగం తీసుకుని, ఒక వ్యాగను కింది నాలుగు చక్రాల బోగీని వెనుక తగిలించి, పైభాగమంతా ప్లాస్టిక్ షీటుతో కట్టింది. చేతికడ్డీలు 0.4 మి.మీ. ఇత్తడి తీగ; వాటికి 0.5 మి.మీ. రంధ్రాలు. పదకొండు డ్రిల్ బిట్లు విరిగాయి, బిల్లు జతచేశాం, కోశాధికారి గారు నోరెత్తలేదు. బాయిలరు పట్టీలు టేపును బ్లేడుతో సన్నగా చీల్చి అంటించినవి. ఒకటి కొద్దిగా వంకరగా ఉందని తీసేసి మళ్లీ వేసింది, అలా ఆరుసార్లు. బొగ్గు మాత్రం నిజమైన బొగ్గే, దంచి టీ వడపోతతో జల్లించింది. ఆ వడపోత వాళ్ల అమ్మగారిది. కొత్తది కొనివ్వడానికి కార్యవర్గం ఆమోదించింది.

అసలు శాఖను 2004లో గేజి మార్పిడి కోసం మూసి, 2011లో బ్రాడ్‌గేజిగా తెరిచారు. టెక్కలి, పాతపట్నం వైపు చుట్టాలున్న సభ్యులు ఆ చిన్న బండి ఎక్కిన జ్ఞాపకాలు చెబుతుంటే ఆ సాయంత్రం సమావేశపు అజెండా ముట్టుకోనేలేదు.

మిగతా విషయాలు

సముద్రపు గాలి మన శాశ్వత శత్రువు. కంచరపాలెం గదిలో ఇత్తడి పట్టాలు వారానికే నల్లబడుతున్నాయి. మార్చినంతవరకు నికెల్ సిల్వర్ పట్టాలు బాగా నిలుస్తున్నాయి. మిగిలినవి వచ్చే ఏడాది.

ఇంజన్లకు దుమ్ము రంగు కోసం ఎర్రమట్టి దిబ్బల నుంచి గుప్పెడు తెద్దామని ఒకరు ప్రతిపాదించారు. అది రక్షించుకోవలసిన భూవారసత్వ స్థలం. గుప్పెడు గుప్పెడుగానే దిబ్బలు పోతాయి. ఇటుక పొడి వాడాం, తేడా ఎవరికీ తెలియలేదు.

పాత ఇంజను అని డబ్బు పుచ్చుకుని ఒక అమ్మకందారు పంపిన పెట్టెలో మోటారు లేదు. డబ్బు తిరిగి రాలేదు. ఇకమీదట నడుస్తున్న వీడియో చూడందే కొనవద్దు.

గ్యారెట్ అంటే ఒకే బాయిలరును రెండు చక్రాల అడుగుభాగాలు మోసే రకం. అలాంటి రెండు అడుగుభాగాలు కలిపి బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే 'ఎన్' తరగతి ఇంజను, 4-8-0, 0-8-4, చేద్దామన్న ప్రతిపాదన వచ్చింది. ఆ రెండు అడుగుభాగాలు ఎక్కడ దొరుకుతాయో ప్రతిపాదించినవారు చెప్పాక చర్చిద్దాం. ఈలోగా చెప్పుల పెట్టెల్లోని మూడింటిలో ఒకటైన డబ్ల్యూజీ గూడ్సు ఇంజనును పూర్తిచేయాలి. దానికి వాడే అమెరికన్ మికాడో (2-8-2) ఇంజను నడిపే చక్రం 18.4 మి.మీ., మనకు కావలసింది 18.0, ఈసారి అదృష్టం బాగుంది.

జమాఖర్చుల పత్రం జతచేశాం. చందా పెంచడం లేదు.

ఇక తొమ్మిదో ఇంజను. హోర్న్‌బీ వారి స్మోకీ జో, నాలుగు చక్రాల బుల్లి ఇంజను. మన ఉపాధ్యక్షుల గారి మనవడిది. నడక సరిచేయడానికని తీసుకున్నాం. గ్రీజు తీశాం, సీసం పెట్టాం, తీగలు వంచాం. పొగగొట్టం కోయడానికి రంపం పట్టుకునేసరికి పిల్లవాడు బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఏడవలేదు. నోటుపుస్తకంలోంచి కాగితం చింపి, "దీన్ని ఇంక ముట్టుకోవద్దు" అని రాసి, కింద తన పేరు, ఆరో తరగతి, బి సెక్షన్ అని సంతకం పెట్టి కార్యదర్శి చేతికిచ్చాడు. సంక్రాంతి సెలవుల ప్రదర్శనలో అందరికన్నా ఎక్కువసేపు ఆగకుండా తిరిగింది అదే. ఆ ఇంజనును ఉన్నదున్నట్టుగా వాల్తేరు లేఅవుట్ మీద నడవనివ్వాలని, ఆ కాగితాన్ని మినిట్స్ పుస్తకంలో అంటించాలని కార్యవర్గం కోరుతోంది.

కార్యదర్శి