వ్యాసంలో కనపడని అప్పు

సంపాదకులకు,

17వ శతాబ్దంలో ఐరోపా సంపన్నమైంది నిరంకుశ రాజుల వల్లేనని, ఎవరికీ జవాబు చెప్పక్కర్లేని పాలకుడుంటేనే ఆర్థిక వ్యవస్థ పరుగెడుతుందని ఆదివారం మీరు వేసిన వ్యాసంలో చదివాను. అందుకు సాక్ష్యంగా ఫ్రాన్స్ రాజు 14వ లూయీని, ఆయన ఆర్థికమంత్రి కోల్బేర్‌ని చూపించారు. గ్రూప్స్‌కి చదివే పిల్లలు మీ పేజీలు కత్తిరించి దాచుకుంటారు కాబట్టి ఊరుకోలేక రాస్తున్నాను.

కోల్బేర్ సమర్థుడే, కాదనను. వెనిస్ పనివాళ్లను గుట్టుగా రప్పించి 1665లో అద్దాల కార్ఖానా పెట్టించాడు. విదేశీ సరుకు మీద 1667లో సుంకాలు బాగా పెంచాడు. అయితే 1672లో రాజు హాలండ్ మీద యుద్ధానికి దిగేసరికి ఆయన కూడబెట్టిందంతా హారతి కర్పూరమైంది. 1685లో అదే రాజు ప్రొటెస్టెంట్ల మతస్వేచ్ఛ రద్దు చేశాడు. పట్టు నేతగాళ్లు, గడియారాల పనివాళ్లు, వర్తకులు కలిపి సుమారు 2 లక్షల మంది లండన్‌కీ, ఆమ్‌స్టర్‌డామ్‌కీ, బెర్లిన్‌కీ వెళ్లిపోయారు. వద్దని అడ్డుపడే సభ లేదు. 1614లో కూర్చున్న ఎస్టేట్స్ జనరల్ (ఫ్రాన్స్ ప్రతినిధుల సభ) మళ్లీ సమావేశమైంది 1789లోనే.

అడిగేవాడు లేకపోతే ఖజానా నిండుతుందనుకుంటాం. కానీ ఫ్రాన్స్‌లో ప్రభువులూ చర్చీ ప్రధానమైన పన్ను కట్టేవాళ్లు కాదు. ఆ బరువంతా రైతు మీద. అదీ చాలక సర్కారు ఉద్యోగాలు అమ్మకానికి పెట్టారు. విగ్గులు తనిఖీ చేసే ఉద్యోగం, పందుల నాలుకలు చూసి రోగముందో లేదో చెప్పే ఉద్యోగం కూడా కొనుక్కునేవాళ్లు! వాటిలో పెద్ద పదవులు కొన్నవాడికి పన్ను మినహాయింపు కూడా దక్కేది. అంటే ఈ ఏడాది డబ్బు కోసం రాబోయే ఏళ్ల రాబడిని తెగనమ్మడమే.

ఇంగ్లండ్‌లో 1688 విప్లవం తర్వాత రాజు పార్లమెంటు అనుమతి లేకుండా పన్ను వేయలేడు. 1694లో పెట్టిన బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ ప్రభుత్వానికి 12 లక్షల పౌండ్లు 8 శాతం వడ్డీకి అప్పిచ్చింది. వడ్డీ చెల్లింపుకు ఫలానా పన్ను అని పార్లమెంటే కేటాయించడంతో అప్పిచ్చేవాళ్లకు ధైర్యం వచ్చింది. 1750ల నాటికి వడ్డీ 3 శాతం దగ్గరికి దిగింది. అక్కడ జనం తక్కువ పన్ను కట్టారని మాత్రం అనుకోకండి, తలసరిన ఫ్రాన్స్ కంటే ఎక్కువే కట్టారు.

రాజే లేని హాలండ్ సంగతి వ్యాసంలో ఒక్క వాక్యం కూడా లేదు. 1602లో అక్కడ పెట్టిన డచ్ ఈస్టిండియా కంపెనీలో పనిమనుషులు కూడా వాటాలు కొన్నారు. 1605లోనే వాళ్ల ఓడ మా బందరుకు వచ్చింది. కోల్బేర్ 1664లో పెట్టిన ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీలో డబ్బు పెట్టమంటే వర్తకులు మొహం చాటేశారు, అధికారులు ఒత్తిడి చేసి మరీ కొనిపించారు. ఆ ఫ్రెంచివాళ్లు బందరు చేరింది 1669లో.

మన అద్దకం బట్టల విషయంలో రాజుకీ పార్లమెంటుకీ తేడా లేదు లెండి. 1686లో ఫ్రాన్స్ వాటిని నిషేధించి, అక్కడ అద్దేవాళ్ల అచ్చులు విరగ్గొట్టించింది. ఆ నిషేధం 1759 దాకా సాగింది. 1719లో లండన్ నేతగాళ్లు వీధుల్లో ఆడవాళ్ల ఒంటి మీద అద్దకం గౌన్లు చించేశారు. రెండేళ్లకు పార్లమెంటు ఆ నేతగాళ్లు కోరినట్టే అద్దకం బట్టలను నిషేధిస్తూ చట్టం చేసింది. సభ ఉంటే న్యాయం జరుగుతుందని నేననడం లేదు. వ్యాసకర్త ఎత్తింది ఖజానా మాట కాబట్టి ఖజానా లెక్కే అడుగుతున్నాను. 1715లో 14వ లూయీ పోయేనాటికి ఫ్రాన్స్ అప్పు 200 కోట్ల లివర్లు (అప్పటి ఫ్రెంచి డబ్బు) దాటింది. ఆ అంకె వ్యాసంలో ఎక్కడా లేదు. వచ్చే ఆదివారం ఒక చిన్న పేరాగానైనా వేయండి.

— రిటైర్డ్ హిస్టరీ లెక్చరర్, మచిలీపట్నం